రొద యెవరిది?

రోగ మెక్కడ నున్నదో తెలియక మందిచ్చు వైద్యునికంటె ఏమియు నీయక యూరకుండు వైద్యుడే మేలు. ఈ మాట మనుష్యుల విషయమున నెంత నిజమో యంత్రముల విషయమునను అంతే నిజము. సినిమా చూపు యంత్రమునకు కన్నేకాక నోరు కూడ నున్నది. ఆ నోట పలుకవలసిన పలుకుతోపాటు పలుకరాని రొదయు అప్పుడప్పుడు వచ్చుచుండును. ఆ రొద యెచ్చటిది, దానిని కనుగొను మార్గ మేది యనునదే యీ వ్యాసమునకు విషయము. మేము ఇంజనీరులము కాము. కృష్ణాతీరమున నొక చిన్న పట్టణములో సినిమాహాలునందు పదునొకం డేండ్లు లెక్కలు వ్రాసిన గుమాస్తాలము. అయినను ఈ విషయమున మేము తీర్పవలసిన బాకీ యొకటి కలదు. అది మేము వ్రాసిన లెక్కల పుస్తకములలో నెక్కడను ఎక్కలేదు. నలువది రెండేండ్లు గడచువరకు అట్టి బాకీ యున్నదనియే మాకు తెలియదు.

మూగబొమ్మలకు మాట వచ్చిన కథ చదువరు లెరిగినదే. 1931లో హిందీభాషలో ‘ఆలం ఆరా’యు, 1932లో తెనుగున ‘భక్త ప్రహ్లాద’యు వెలువడిన పిమ్మట మన యూళ్ల గుడారములలోను రేకుల హాళ్లలోను బొమ్మతోపాటు గొంతుకయు వినబడజొచ్చెను. ఆ గొంతుక ఫిలుములో నెక్కడ దాగియుండునో చూచినవారు మాత్రము తక్కువ. 35 మిల్లీమీటర్ల ఫిలుమునకు రెండంచులయందును పండ్లచక్రము పట్టుకొనుటకు రంధ్రములుండును. ఒక ప్రక్క రంధ్రములకును బొమ్మకును నడుమ సన్నని చార యొకటి సాగిపోవును. మాట యంతయు నా చారలోనే యున్నది. నలుపు తెలుపుల వెడల్పు ధ్వనికి తగినట్లు అందులో మారుచుండును. యంత్రములో నొక చిన్న దీపముండును. దానిని పనివారు ఎక్సైటరు లాంపందురు. అది తన వెలుతురును వెండ్రుకవంటి గీతగా చేసి చారపై నిలుపును. చార గుండ వచ్చిన వెలుతురు హెచ్చుచు తగ్గుచు ఫొటోసెల్లుపై పడును. ఫొటోసెల్లు వెలుతురును విద్యుత్తుగా మార్చును. ఆంప్లిఫయరు దానిని పెంచును. తెర వెనుకనున్న లౌడుస్పీకరు దానిని ధ్వనిగా చేసి హాలు నింపును.

ఇందొక మర్మమున్నది. ఫొటోసెల్లు మాట నెరుగదు. వెలుతురు హెచ్చుతగ్గులను మాత్రమే యెరుగును. వెలుతురు ఏ కారణముచేత మారినను అది మాటయే యని పై కప్పగించును. దీపమే వణకినను దానికి మాటయే. చారపై గీత పడినను మాటయే. చార ప్రక్కనున్న రంధ్రములు వెలుతురున కడ్డము వచ్చినను మాటయే. విన్నదంతయు విచారింపక పై యధికారికి చేరవేయు సేవకుని వంటిదది. అట్టి సేవకునియందు దోషము లేదు. వినువాడే జాగ్రత్తపడవలెను.

1982వ సంవత్సరపు వేసవిలో మా హాలునందు రొద పుట్టెను. ఆ హాలులో యంత్రములు రెండు. ఒక రీలు ఎడమ యంత్రముపై నడచుచుండగా తరువాతి రీలు కుడి యంత్రముపై సిద్ధముగా నుండెడిది. ఫిలుము నిమిషమునకు 90 అడుగుల చొప్పున నడచును గనుక 2,000 అడుగుల రీలు 22 నిమిషములలో ముగియును. అంతట ఆపరేటరు ఆట తెగకుండ రెండవ యంత్రమునకు మార్చును. రొద కుడి యంత్రమున మాత్రమే వచ్చెను. అది గుమ్మని మ్రోగుచు, సెకనునకు నాలుగు మారులు ఉబ్బి తగ్గుచు, పొరుగు వీధిలో పిండిమర నడచుచున్నట్లుండెడిది. రాత్రివేళ వోల్టేజి తగ్గినప్పుడు ఆ తాళము మరికొంత వేగపడెడిది.

ఆ వారమున ‘మాయాబజార్’ మరల వచ్చియుండెను. 1957 నాటి చిత్రమైనను మా యూరిలో దానికి జనము తగ్గినది లేదు. ఘటోత్కచుడైన యస్. వి. రంగారావుగారు నోరు తెరచునప్పటికి హాలంతయు నవ్వుటకు సిద్ధముగా నుండెడిది. కుడి యంత్రము వంతు వచ్చినచో నా నవ్వు కూడ రొదలో మునిగిపోయెడిది. నేల తరగతివారు ఈలలు వేసిరి. కుర్చీ తరగతివారు మా కిటికీకడకు వచ్చి టిక్కెట్టు సొమ్ము తిరిగి యిమ్మనిరి. యజమానిగారు దుర్మార్గులు కారు. అప్పటికి వారి నెత్తిన అప్పు లెన్నియో యుండెను. నగరమునుండి మరమ్మతు చేయువాని నొకనిని పిలిపించిరి. అతడు ఆంప్లిఫయరులోని వాల్వులు రెండు మార్చి సొమ్ము పుచ్చుకొని రాత్రి బండికి పోయెను. రెండవనాడు రొద యథాప్రకారముగా వచ్చెను.

ఆంప్లిఫయరు రెండు యంత్రములకును ఒక్కటే. దోషము దానిలో నున్నయెడల ఎడమ యంత్రము నడచునప్పుడు కూడ రొద రావలెను గదా! ఈపాటి తర్కము మాకును తోచలేదు, సొమ్ము పుచ్చుకొన్నవానికిని తోచలేదు. తోచినవాడు ఒక్కడే. ఆయన మా ఆపరేటరు. అప్పటికి ఆయనకు ముప్పదినాలుగేండ్లు. ఎనిమిదవ యేట తండ్రి పోగా చదువు మాని, పదునాల్గవ యేట ప్రొజెక్టరు గదిలో నూనె తుడుచు పనికి చేరి, చూచి నేర్చుకొన్నవాడు.

రెండవ ఆట ముగిసిన పిమ్మట ఆయన వరుసగా మూడు రాత్రులు ఆ గదిలోనే మెలకువగా గడపెను. మూడవ రాత్రి సగము జబ్బు తెలిసినది. ఫిలుము దీపపు గీత క్రిందికి వచ్చుచోట దానిని ప్రక్కకు జరుగనీయక పట్టియుంచు చిన్న రోలరొకటి యుండును. దాని స్ప్రింగు అరిగి, ఫిలుము కొంచెము ఒరిగి నడచుచుండెను. అందుచేత వెలుతురు గీత కొస చారను దాటి రంధ్రములపై పడుచుండెను. కొత్త స్ప్రింగు వచ్చుదాక ఆగక ఆయన యొక యిత్తడిరేకు ముక్కను గోరంత కత్తిరించి రోలరు ప్రక్క దూర్చెను. తెల్లవారి ఆటలో పిండిమర యాగినది. కాని రొద పోలేదు. ఉబ్బి తగ్గుట మాని తిన్నగా నిలిచి మ్రోగజొచ్చెను.

ఆ సాయంకాలము ఆయన యజమానిగారి గదికి వచ్చి పలికిన మాటలు మాకు నేటికిని జ్ఞాపకమున్నవి.

“బాబుగారూ, ఇందులో రొద ఒకటి కాదండీ, రెండున్నాయి. ఒకటి తీసేశాను. రెండోది లాంపు కరెంటులో ఉంది. ఫిలిం ఎక్కించకుండా లాంపు వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి వినండి. మీకే తెలుస్తుంది. కండెన్సరు మార్చాలి.”

యజమానిగారు నవ్విరి. “మొన్న రోలరన్నావు. ఇవాళ కండెన్సరంటున్నావు. రేపు తెర మార్చమంటావు. అసలు నీకు తెలిస్తే కదా!”

ఆ నవ్వులో మేమును కలిసితిమి. మాట మార్చువాడు విషయము తెలియనివాడని మాకప్పటి నమ్మకము. మరునాడు యజమానిగారు చెప్పగా ఉత్తరము వ్రాసితిమి. వారు చెప్పిన మాట ‘ఇక నీవు రానక్కరలేదు’ అని మాత్రమే. ‘విధినిర్వహణమునందు అశ్రద్ధ వహించినందున’ అను మాటలు మావి. ఉత్తరము నిండుగా నుండవలెనని మేము చేర్చితిమి. పది మైళ్లలోని హాళ్లలో నెవరును ఆ కాగితము చూచిన పిమ్మట ఆయనను పనిలో పెట్టుకొనలేదు. ఆయన ధాన్యపు మిల్లులో బస్తాలు మోయ కుదిరెనని కొన్నాళ్లకు వింటిమి.

తరువాత జరిగినది మరింత విచిత్రము. కొత్త ఆపరేటరు వచ్చెను. మరమ్మతు చేయువాడు మరల వచ్చి ఆంప్లిఫయరులో నేదో చిన్న వస్తువును అతికించి, మందరస్వరము లౌడుస్పీకరునకు చేరకుండ కోసివేసెను. గుమ్మను రొద మందరస్వరమే గనుక చాలవరకు వినబడకుండ పోయెను. దానితో రంగారావుగారి కంఠములోని గాంభీర్యమును పోయెను. తబలా గిన్నెపై గరిటెతో కొట్టినట్లు వినబడెను. ఏ తప్పు నెరుగని ఎడమ యంత్రమునకును ఆ శిక్షయే పడెను. అయినను హాలులో ఈలలు ఆగినవి. ఆపరేటరు పోయెను, రొద పోయెను. కనుక రొదకు ఆపరేటరే కారణమని ఊరంతయు నిశ్చయించెను. మా ఉత్తరము న్యాయమైనదని మేమును తృప్తిపడితిమి.

పిమ్మట ముప్పదియేండ్లకు డిజిటలు ప్రొజెక్టర్లు వచ్చి రీళ్ల కాలము గడచిపోయెను. 2012లో హాలు మూసిరి. ఎడమ యంత్రమునకు మంచిపేరుండుటచే కొనువారు దొరకిరి. కుడి యంత్రము గోనెపట్టలు కప్పుకొని గోడౌనులో మిగిలెను. 2024లో మా పట్టణపు గ్రంథాలయమువారు పిల్లలకు ఫిలుముతో ఆడు సినిమా యెట్లుండునో చూపదలచి దానిని తెప్పించిరి. పాత సమాచారచిత్రపు రీలొకటి వారికి దొరకినది. ఆ హాలులో పనిచేసినవారమని మమ్ములను పిలిచిరి. పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్సు చదివిన కుర్రవాడొకడు మాకు తోడయ్యెను. నిజమునకు మేమే యతనికి తోడు.

ఏండ్లతరబడి పడియున్న యంత్రమునకు ఒక్కసారిగా కరెంటు ఇచ్చుట ప్రమాదము. కండెన్సర్లు పాడువడియున్నయెడల పగులవచ్చును. అందుచేత కుర్రవాడు ఎలక్ట్రీషియనులు వాడు సీరీస్ బల్బును నడుమ పెట్టి మెల్లగా కరెంటు నిచ్చెను. స్విచ్చి కట్టిన పిమ్మట కూడ వాల్వుల ఆంప్లిఫయరులో వందలకొలది వోల్టులు కండెన్సర్లయందు నిలిచియుండునని చెప్పి, ఒక రెసిస్టరుతో వానిని ఖాళీ చేసినగాని చేయి పెట్టనీయలేదు. యంత్రము నంతయు విప్పి తుడిచి నూనె వేసెను. ఇక ఆగలేక ఫిలుము ఎక్కించి మోటారు వేసెను.

లౌడుస్పీకరునుండి పిండిమర వినవచ్చెను.

నలువది రెండేండ్ల క్రిందటి రొద! సెకనునకు నాలుగు మారులు ఉబ్బుచు తగ్గుచు అదియే రొద. ఆ యాపరేటరు పోయి తరము దాటినది. అశ్రద్ధ ఆయనదైనయెడల ఆయనతోనే పోవలెను గదా! మేము కుర్చీలో కూలబడితిమి. కుర్రవాడు మా ముఖము చూచి మంచినీళ్లు తెచ్చియిచ్చెను.

అటుపిమ్మట నతడు చేసిన పని మేము శ్రద్ధగా చూచితిమి. చదువరులలో నెవరికైన నిట్టి యంత్రము తటస్థించినచో ఉపయోగపడునని వివరించుచున్నాము. మొదట ఎక్సైటరు దీపమును ఆర్పి ఆంప్లిఫయరును మాత్రము పలికించెను. సన్నని సుయ్యను శబ్దము తప్ప మరేమియు లేదు. కనుక ఆంప్లిఫయరు, లౌడుస్పీకరు, వాని తీగెలు నిర్దోషులు. పెన్సిలు రబ్బరుతో వాల్వులను ఒక్కొక్కటిగా తట్టగా ఒకటి గంటవలె మ్రోగెను. దానిని మార్చెను. రెండవది, ఫిలుము తీసివేసి దీపమును వెలిగించెను. గుమ్మని రొద వచ్చెను. కాని ఉబ్బి తగ్గుట లేదు. దీపమునకును ఫొటోసెల్లునకును నడుమ ఒక అట్టముక్క నుంచగా రొద ఆగెను. కనుక రొద వెలుతురు త్రోవననే వచ్చుచున్నది, తీగెల త్రోవను కాదు. మూడవది, దీపమునకు వచ్చు కరెంటును విడదీసి, కారు బ్యాటరీనుండి కొంత నిరోధపు తీగె గుండ కరెంటునిచ్చెను. దీపము వెలిగెను, రొద లేదు. కనుక దోషము దీపమునందు గాక దానిని పోషించు కరెంటునందున్నది.

మన యిండ్లకు వచ్చు కరెంటు సెకనునకు 50 ఆవృత్తులు గలది. రెక్టిఫయరు దానిని ఒకే దిశకు మరల్చునప్పుడు సెకనునకు 100 అలలు మిగులును. ఆ యలలను చదునుచేయుటకే కండెన్సరున్నది. దీపపు వేడిమి ప్రక్కనే యేండ్లకొలది యున్న కండెన్సరు లోపల నెండిపోవును. అప్పుడు దీపము సెకనునకు 100 మారులు వణకును. ఆ వణకు మన కంటికి కనబడదు గాని ఫొటోసెల్లు కంటికి కనబడును. ఆపరేటరు చెప్పిన కండెన్సరు ఇదియే. పైభాగము ఉబ్బి, అడుగున తెల్లని పొడి పట్టియున్నది.

ఇంతటితో జబ్బు కుదిరినదని మేము తలచితిమి. బ్యాటరీతోనే ఫిలుము నడపితిమి. ఉబ్బి తగ్గుట పోయినది గాని రొద పూర్తిగా పోలేదు! మునుపటికంటె ఒక వెంట్రుకవాసి మందరముగా నిలిచి మ్రోగుచుండెను. కుర్రవాడు తల గోకుకొని, “ఇది కాదేమో తాతగారూ, మళ్లీ మొదటినుంచి చూడాలి” అనెను. ఆ క్షణమున మాకు యజమానిగారి నవ్వు వినబడినట్లాయెను. మొన్న రోలరన్నావు, ఇవాళ కండెన్సరంటున్నావు! మేము కుర్రవానితో, “కాదు నాయనా, నీవు కనుగొన్నది నిజమే. రొదలు రెండున్నవి” అంటిమి. ఆ మాట మాది కాదు. ఆయనది.

ఫిలుము సెకనునకు 24 బొమ్మల చొప్పున నడచును. ఒక్కొక్క బొమ్మకు ప్రక్కన నాలుగేసి రంధ్రములు. కాబట్టి వెలుతురు గీత రంధ్రములను తాకినయెడల సెకనునకు 96 అలల రొద పుట్టును. బొమ్మల వైపునకు జరిగినచో బొమ్మకును బొమ్మకును నడుమనున్న సందు తగిలి 24 అలల గరగర పుట్టును. స్వరమును విని ఫిలుము ఏ దిక్కునకు జరిగినదో చెప్పవచ్చును. ఇప్పుడు చదువరులు లెక్క వేయవలెను. దీపపు రొద 100; రంధ్రముల రొద 96. రెండును కలిసినచో భేదము 4. తంబుర తీగెలు రెండు శ్రుతికి చేరువై ఇంకను కలియకున్నప్పుడు నాదము ఊగుచుండుట సంగీత మెరిగినవారందరును వినియుందురు. భౌతికశాస్త్రమున దీనిని విస్పందనమందురు. మా పిండిమర యదియే. వోల్టేజి తగ్గినప్పుడు మోటారు కొంచెము మందగించి 96 కాస్త 95 అగును, భేదము 5 అగును, తాళము వేగపడును. మేము రెండు నెలలు విన్న రొద నిజమునకు ఏ భాగమునందును లేదు. రెండు దోషములు కలిసి మా చెవిలో కట్టిన వేషమది.

రోలరు మాట యెత్తగానే కుర్రవాని ముఖము మారెను. చెత్తబుట్టలో వెదకి గోరంత యిత్తడిరేకు ముక్కను తెచ్చి మా చేతిలో పెట్టెను. “శుభ్రం చేసేటప్పుడు ఇది ఆ రోలరు పక్కన ఇరుక్కుని ఉంది తాతగారూ. చెత్త అనుకుని తీసేశాను.” దానిని స్వస్థానమున నిలిపి ఫిలుము నడపగా 96 అలల రొద నిలిచిపోయెను. పనిలోనుండి తీసివేసిన మనిషి చేసిన పని ఆ హాలు మూతపడువరకు, అనగా ముప్పదియేండ్లు, ఆ యంత్రమును కాచుచుండెనన్నమాట. మా కాగితము ఆయనను గడప దాటించినది గాని ఆ రేకును దాటింపలేకపోయినది. కొత్త కండెన్సరును బిగించి, ఆంప్లిఫయరులో మందరస్వరమును కోయుచున్న ఆ పాత అతుకును కూడ తీసివేసితిమి. సమాచారచిత్రములో వ్యాఖ్యానము చెప్పు పెద్దమనిషి నిండుగొంతుకతో పలికెను.

యంత్రమునకు రోగనిర్ణయము చేయువాడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: రొద యెవరి వెంట పోవుచున్నది? ఒకే రీలును రెండు యంత్రములపై నడపి చూడవలెను. రొద రీలు వెంట పోయినచో దోషము ఫిలుముది; గీతలు పడి దుమ్ము పట్టిన ఫిలుము ఏ యంత్రముపైనను చిటపటలాడును. యంత్రము వెంట నిలిచినచో దోషము యంత్రముది. ఒక్కొక్క మారు ఒక్కొక్క వస్తువును మాత్రమే మార్చవలెను. ఒక దోషము తీసిన పిమ్మట రొద మారినదే గాని పోలేదన్నచో, తీసినవాడు పొరబడెనని కాక, మరియొక దోషమున్నదని తలపవలెను. మేమో, రెండు యంత్రములను నడపినవాడు ఒక్కడే యైయుండగా, ఒక యంత్రము మాత్రమే చెడ్డగా పలుకుచుండగా, రెంటికిని సమానుడైన ఆ మనిషిపై దోషము మోపితిమి. అశ్రద్ధ ఒక రీలునకు వచ్చి, మరుసటి రీలునకు పోయి, మూడవ రీలునకు మరల వచ్చునా?

ఇది సినిమాహాలునకు మాత్రమే పరిమితమైన పొరపాటు కాదు. బడిలో పిల్లలు తప్పినచో ఉపాధ్యాయుని మార్చెదము. ఊరిలో జ్వరములు వచ్చినచో నీళ్లు వదలువానిని మార్చెదము. కుండలో పగులున్నదా, బావిలో మురుగున్నదా యని చూడుటకు కొంత శ్రమయు కొంత సొమ్మును కావలెను. మనిషిని మార్చుటకు ఒక కాగితము చాలును. అటుపిమ్మట రొద వినబడకుండ మందరస్వరమును కోసివేసి, సంస్కరణ జరిగినదని చెప్పుకొందుము. పని చేయువాడే తన పనిలోని దోషమును ముందుగా కనుగొనగలవాడు. అతని మాటను అరనిమిషము వినుటకు మన సంస్థలలో ఏర్పాటు లేదు. కాగితము వ్రాయుటకు మాత్రము మావంటి గుమాస్తాలు వెదకకుండనే దొరకుదురు.

మేము ఆ ఇత్తడిరేకు సంగతి చెప్పుటకు ఆయన యింటికి పోయితిమి. పొరుగూరిలో కాలువగట్టున రెండు గదుల యిల్లు. ఆయనకిప్పుడు డెబ్బదియారేండ్లు. మమ్ములను గుర్తుపట్టి, “రండి గుమాస్తాగారూ” అని మంచము వాల్చెను. జరిగినదంతయు చెప్పితిమి. వినికిడి తగ్గియుండుటచే కొన్ని మాటలు రెండు మారులు చెప్పవలసివచ్చెను. ఆయన మొదట అడిగినది తన సంగతి కాదు. “స్ప్రింగు వేయించలేదా ఇన్నాళ్లూ? రేకుతోనే నడిపారా?” అని యాశ్చర్యపడెను.

క్షమింపుమని యడిగితిమి. కొంతసేపు ఊరకుండి ఇట్లనెను: “మీరు నన్ను నమ్మాల్సిన పనిలేదండీ. లాంపు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి వినమన్నాను. అరనిమిషం పని. విని తరవాత పొమ్మన్నా పోయేవాణ్ణి.”

ఆయన పెద్దకుమార్తె కాఫీ తెచ్చియిచ్చెను. 1982లో ఆమె ఏడవ తరగతి. మిల్లుకూలితో ఇల్లు గడువక, ఆ యేడు బడి మానిపించి మిరపకోతలకు పంపితినని ఆయన చెప్పెను. మమ్ము నిందించుచు చెప్పలేదు. సంవత్సరము జ్ఞాపకము చేసికొనుటకు చెప్పెను. మా బాకీ మొత్త మెంతో మాకప్పుడు తెలిసినది. దానిని తీర్పగల నాణెము మావద్ద లేదు. మేము చేయగలిగినది ఒక్కటే. 1982లో వ్రాసిన మాట అసత్యమనియు, దోషము దీపపు కండెన్సరుదనియు, ఆ సంగతి ఆయన అప్పుడే చెప్పెననియు, వినక వ్రాసినవారము మేమనియు ఒక కాగితముపై వ్రాసి, క్రింద సంతకము చేసి యిచ్చితిమి. ఆయన దానిని కుమార్తె చేతికిచ్చెను. ఆమె ద్వారబంధమును ఆనుకొని, తాను చదివిన యేడు తరగతుల చదువుతో, ఒక్కొక్క మాటను కూడబలుకుకొనుచు తండ్రి చెవిలో బిగ్గరగా చదివెను. ‘అశ్రద్ధ’ యను మాటకడ ఆగి మా వైపు చూచెను. పిమ్మట చివరివరకు చదివెను.

ప్రదర్శనమునాడు తండ్రీకూతుళ్లు ఇద్దరును వచ్చిరి. పిల్లలు క్రింద చాపలపై కూర్చుండిరి. ఆయన యంత్రముకడకు వచ్చి, రోలరును బొటనవ్రేలితో తాకి చూచెను. ఫిలుము ఎక్కింపకముందు ఎక్సైటరు దీపమును ఆర్పుమనెను. చేయి చెవికి దొప్పగా పట్టి వినెను. “ఇప్పుడు వెలిగించండి” అనెను. మరల వినెను. హాలంతయు నిశ్శబ్దముగా నుండెను.

“సరిగా ఉందండీ,” అనెను. తరువాత నవ్వి, “నా చెవిలో మాత్రం గుంయ్‌మంటూనే ఉంది. దానికి కండెన్సరు దొరకదు” అనెను. కుర్రవాడు ప్రక్కకు తొలగి స్విచ్చి చూపెను. మోటారు వేసినది ఆయనయే.